మధ్యాహ్నపు వేడికి సవరణ

ఆసుపత్రి నుంచి ఫోను వచ్చేనాటికి కారులో ఏసీ చల్లగాలి ఇవ్వడం మానేసి వారం దాటింది. ఈ రెండు సంగతులకూ మరొకరి ఇంట్లో అయితే సంబంధం ఉండేది కాదు. ఈ ఇంట్లో ఉంది.

ఇంటావిడ ఒకప్పుడు ముద్రణాలయంలో ప్రూఫులు దిద్దేది. ఇప్పుడు ఆమె నరాల మీది పొర, పాత కరెంటు తీగ మీది తొడుగులాగా, అక్కడక్కడా ఊడిపోతోంది. మామూలు వేళల్లో మెల్లగానైనా తనంతట తాను నడుస్తుంది. ఒళ్ళు వేడెక్కిందంటే మాత్రం కాలికి పంపిన కబురు దారిలోనే ఆగిపోతుంది. చూపు మీద మసక కమ్ముతుంది. నీడపట్టున చల్లబడితే కొన్ని గంటలకు కాలూ కన్నూ తిరిగివస్తాయి. "నేను మైనపు బొమ్మని. నీడలో పెడితే నిలబడతాను" అని ఆవిడే చెప్పుకుని, ఎదుటివాళ్ళు జాలిపడేలోపే మాట మార్చేది.

ఫోనులో చెప్పింది ఇది. కొత్త ఇంజెక్షను ఇచ్చే జాబితాలోంచి ఎవరో తప్పుకున్నారు. ఆ స్థానానికి రేపు మధ్యాహ్నం ఒంటిగంటకు ఈవిడ వచ్చి పరీక్షకు నిలబడవచ్చు. చేర్చుకోవడానికి రేపే ఆఖరి రోజు. నగరంలోని ఆ ఆసుపత్రికి కారులో మూడు గంటల దారి. పరీక్ష పెద్దదేమీ కాదు: ఆసుపత్రి వరండాలో రెండు పసుపుపచ్చ గీతలున్నాయి, ఒకదాని దగ్గర బయలుదేరి కర్ర లేకుండా, గోడ పట్టుకోకుండా రెండోదాన్ని చేరాలి. చేరినవాళ్ళకు ఇంజెక్షను. అది పోయినదాన్ని తెచ్చివ్వదు. ఉన్నదాన్ని ఉన్నచోట ఆపుతుంది, అదీ కొందరిలో. ఈ ఇంట్లో ఎవరూ అంతకంటే ఆశించలేదు. అంతమాత్రం ఆశించడానికే వాళ్ళకు చాలాకాలం పట్టింది.

ఆవిడ భర్త పీడనమాపకాలను, ఉష్ణమాపకాలను పరీక్షించే ప్రయోగశాలలో ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. అక్కడ ఆయన్ను ముల్లు మాస్టారనేవారు. మాపకం ముల్లు ఉండాల్సిన గీత మీద లేకపోతే తెచ్చినవాడు ఎంత బతిమాలినా ముద్ర వేసేవాడు కాదు. దేవుణ్ణీ దెయ్యాన్నీ ఒకే కారణం చేత నమ్మడు: రెండింటికీ కొలత లేదు.

ఫోను పెట్టేసి ఆయన నేరుగా మెకానిక్ దగ్గరికి వెళ్ళాడు. మెకానిక్ కొత్త సంగతేమీ చెప్పలేదు.

"వారం కిందట చెప్పిందే కదా సార్. డ్యాష్‌బోర్డు వెనక కూలింగ్ కాయిల్‌కి చిల్లు. మొత్తం ఊడదియ్యాలి. మీ బండి కాయిల్ ఇప్పుడెక్కడా లేదు, తెప్పించాలి."

"రేపటికి ఎలాగోలా గ్యాస్ పట్టించు."

"చిల్లుకుండలో నీళ్ళు పొయ్యమంటున్నారు. నేను పొయ్యను సార్. రేపు దారిలో ఆగితే నా పేరే చెప్తారు."

ఆయన వాదించలేదు. చిల్లు ఎంతదో తెలిస్తే నీళ్ళు ఎంతసేపు ఉంటాయో లెక్కగట్టవచ్చు. పోయినసారి పట్టించిన గ్యాస్ పది రోజులు ఆగింది. ఇప్పుడు ఒక్క పూట ఆగితే చాలు. దారిలో విడిభాగాల కొట్లో, ఇంటి దగ్గర ఎవరికివారే పట్టుకునే గ్యాస్ డబ్బా కొన్నాడు. దానికో గొట్టం, గొట్టానికో చిన్న మాపకం, మాపకం చుట్టూ ఉష్ణోగ్రతల అంకెలున్న చక్రం ఉన్నాయి. చక్రాన్ని తిప్పితే ముల్లు ఎక్కడిదాకా రావాలో బాణం గుర్తు చూపిస్తుంది.

ఇంటికొచ్చేసరికి బావమరిది వచ్చి కూర్చున్నాడు. అతను బస్సు కండక్టరుగా చేసి మానేశాడు. జుట్టంతా నెరిసినా ఇంట్లో ఇప్పటికీ బుడ్డోడే. పక్కవీధిలో ఉంటాడు. అక్కకు బాగాలేనప్పటినుంచి రోజూ వస్తాడు, రోజూ బావతో గొడవపడి వెళ్తాడు.

"ఇదేంటి బావా, దోమల మందా?" అన్నాడు డబ్బాను తిప్పి చూస్తూ.

"గ్యాస్. రేపు పొద్దున నేనే పట్టిస్తాను."

"ఓహో. మెకానిక్కులందరూ ఊరొదిలేశారన్నమాట. హాయిగా ఏసీ కారు అద్దెకి పిలవచ్చుగా?"

"పిలిచాం. మొన్న చలికాలం ముందు. గుర్తులేదా?" లోపలి గదిలోంచి ఆవిడ అందుకుంది. "సీటు ఎత్తుకి నన్ను మూటలా ఎక్కించారు. ఎక్కించాక డ్రైవరు ఎత్తు రోడ్డు రాగానే ఏసీ ఆపేశాడు. ఇంజను లాగదమ్మా అన్నాడు. నేనూ లాగలేదు ఆ రోజు."

ఇంట్లో ఉన్న కారు ముందు సీటు కింద మాస్టారు ఒక తిరుగుడు పలక బిగించాడు. ఆవిడ అంచున కూర్చుంటే చాలు, పలకే లోపలికి తిప్పుతుంది. అందుకని ఆ కారులోనే వెళ్ళాలి.

"పోనీ తెల్లారకముందే బయలుదేరితే? ఎండే ఉండదు."

"పొద్దున నా కాళ్ళు కర్రలురా. మాత్ర పనిచేసి అవి వంగేసరికి తొమ్మిది దాటుతుంది. అప్పటిదాకా కర్రల్ని సీట్లో మడవలేం, డిక్కీలో వేసుకుపోవాలి."

బుడ్డోడు నవ్వబోయి మానేశాడు. "సరే. ఐసుగడ్డల పెట్టె ఒకటి నేను తెస్తా. తువ్వాళ్ళు తడిపి పెట్టుకుందాం. ఉంటే పోయేదేముంది?" అన్నాడు.

"అక్కర్లేదు" అన్నాడు మాస్టారు.

"అక్కర్లేకపోతే మజ్జిగ చల్లగా తాగుదాంలే బావా."

"కొలవనివాళ్ళు జాగ్రత్తలు పోగుచేసుకుంటారురా. నేను కొలిచి పోస్తాను. అదృష్టం అనే భాగం ఆ కారులో ఎక్కడా లేదు."

"నిజమే. ఉంటే అదీ ఈపాటికి కారిపోయేది."

ఆవిడ నవ్వింది. ఐసుపెట్టె సంగతి ఆ నవ్వులో కలిసిపోయింది.

ప్రయోగశాలలో ఆయనకు రెండు అలవాట్లుండేవి. ఉద్యోగం పోయినా అవి పోలేదు. మొదటిది, ఏ కొలతైనా తెల్లవారగానే తీయడం. రాత్రంతా కదలకుండా ఉన్న పరికరం, గది, గాలి అప్పటికి ఒకే నిలకడకు వస్తాయి. రెండోది, తీసిన కొలతను పరికరం పనిచేయబోయే చోటి వేడికి సవరించడం. కొలిమి పక్కన బిగించే మాపకాన్ని చల్లటి గదిలో పరీక్షించి చల్లటి గది లెక్కతోనే ముద్ర వేయడం ఆయన దృష్టిలో మోసం. ఈ రెండు అలవాట్లతోనే ఆయన ముల్లు మాస్టారయ్యాడు. మర్నాడు ఆ రెండింటినీ ఒక్క తప్పు లేకుండా పాటించాడు.

తెల్లవారగానే చేతికి తొడుగులు, కంటికి అద్దాలు పెట్టుకుని బానెట్ ఎత్తాడు. గాలి చల్లగా ఉంది; ఇనుములో ఇంకా రాత్రి చల్లదనమే ఉంది. ఏసీ గొట్టాలు రెండింటిలో లావుదాన్ని వెతికి, మూత విప్పి, డబ్బా గొట్టాన్ని దానికి నొక్కాడు. టక్కున పట్టుకుంది. ఇంజన్ వేసి, ఏసీని చివరిదాకా తిప్పి, ముల్లును చూశాడు. అడుగున వాలి ఉంది.

అప్పుడు చక్రం. దాన్ని ఎంత వేడికి తిప్పాలి? వాళ్ళు ప్రయాణం చేసేది మధ్యాహ్నం. రేడియోలో మధ్యాహ్నానికి నలభై రెండు డిగ్రీలన్నారు. ఏసీ పనిచేయవలసింది ఆ నలభై రెండులో. అందువల్ల చక్రాన్ని నలభై రెండుకు తిప్పాడు. బాణం గుర్తు చాలా పైకి జరిగింది.

డబ్బాను నిటారుగా పట్టుకుని, ఆడిస్తూ, కొద్దికొద్దిగా వదిలాడు. డబ్బా చేతిలో మంచుగడ్డయింది. కాసేపటికి కంప్రెసర్ టక్కుమని అందుకుంది. ముల్లు పైకి లేచింది, ఆగింది, మళ్ళీ పోస్తే మళ్ళీ లేచింది. అది సరిగ్గా బాణం మీదకు వచ్చేదాకా వెంట్రుకవాసి తేడా కూడా ఒప్పుకోలేదు. లోపల కూర్చున్న బుడ్డోడు గాలి వచ్చే కంతకు ముఖం ఆనించి, "అబ్బ! బావా, పళ్ళు జివ్వుమంటున్నాయి. ఇంత చలికి అక్కకి శాలువా కావాలి" అని కేకేశాడు.

కిటికీలోంచి ఆవిడ చూస్తోంది. ఇంట్లోకి వచ్చే అచ్చు కాగితమేదైనా ఆవిడ చదివాకే మరొకరు ముట్టుకునేవారు. మందుల పెట్టెలోని కాగితం సైతం. డబ్బా మీది సూచనల కాగితాన్ని మాత్రం ఆయన ఆవిడకు చూపించలేదు. పరీక్షకు ముందురాత్రి ఆమె కళ్ళకు శ్రమ ఎందుకని తనే భూతద్దం పెట్టి చదివాడు. అక్షరాలన్నీ చదివాడు. చుట్టూ ఉన్న గాలి వేడికి చక్రం తిప్పమని ఉంది. ఏ వేళ గాలి అనేది రాయవలసిన అవసరం రాసినవాళ్ళకు తోచలేదు. అడగవలసిన అవసరం ఆయనకు తోచలేదు.

తొమ్మిదిన్నరకు ఆవిడ కాళ్ళు వంగాయి. బయలుదేరేముందు గుమ్మం నుంచి కారుదాకా కర్ర లేకుండా నడిచి, వెనక్కి తిరిగి, మళ్ళీ గుమ్మందాకా వెళ్ళి వచ్చింది.

"ముద్ర వేస్తారా మాస్టారూ?"

"ముల్లు కదల్లేదు. వేస్తాను" అన్నాడాయన. ఆ ఇంట్లో ముద్దు మాటలకు అంతకుమించిన వాడుక లేదు.

దారి బాగుంది. రోడ్డు ఖాళీగా ఉన్నంతసేపూ, కారు ఊపుగా పోతున్నంతసేపూ చల్లగాలి వస్తూనే ఉంది. వెనక సీట్లో బుడ్డోడు తన కండక్టరు రోజుల కథలు చెప్పాడు. చిల్లర లేదని చెప్పి మూడూళ్ళు టిక్కెట్టు లేకుండా వచ్చిన పెద్దమనిషి, దిగేటప్పుడు సీటు కింద చిల్లర సంచి మరిచిపోయిన కథ. ఆవిడ ఆ కథ వందసార్లు విన్నది. అయినా, "ఆ సంచి ఎవరు తీసుకున్నారో ఇంతవరకూ చెప్పలేదు వీడు" అంది. ఆమె చేయి గాలి కంత దగ్గర ఉంది. వేళ్ళను ఒక్కొక్కటే మడిచి తెరుస్తోంది. పనిచేస్తున్నాయో లేదో చూసుకునే పద్ధతి అది.

రైల్వే గేటు దగ్గర వరస ఆగింది. ఎండ నడినెత్తికి వచ్చింది. ముందు లారీ, వెనక బస్సు. ఆగిన కొద్దిసేపటికి బానెట్ కింద టక్కుమంది. గాలి గోరువెచ్చనయింది. మళ్ళీ టక్కు. చల్లన. మళ్ళీ టక్కు. ఆ తర్వాత చల్లబడలేదు.

"కారిపోయిందా?" అన్నాడు బుడ్డోడు.

"ఇంత తొందరగా పోదు" అన్నాడు మాస్టారు. గాలి వేడి పెంచుకుంటూ పోతోంది.

ఆవిడ గాలి కంత మీంచి చేయి తీసింది. "ఏమండీ, పొద్దున ఆ చక్రాన్ని ఎంతకి తిప్పారు?"

"నలభై రెండుకి."

"ఆ వేళప్పుడు వేడెంత?"

జవాబు ఆయన ముఖం మీదికి మెల్లగా వచ్చింది. ఇరవై అయిదు కూడా లేదు. ఆ గాలిలో ముల్లు ఎక్కడ ఆగాలో దానికి చాలా పైన ఆపాడు. ఉండాల్సినదానికన్నా ఎక్కువ గ్యాస్ ఉంది లోపల. ఇప్పుడీ ఎండలో, కారు కదలనిచోట, దాని ఒత్తిడి హద్దు దాటింది. గొట్టాలు పగలకుండా కంప్రెసర్ తనను తానే ఆపేసుకుంది. తక్కువైనందుకు కాదు. ఎక్కువైనందుకు.

"సవరణ రెండుసార్లు చేశాను" అన్నాడు చివరికి. "చక్రం చేసే సవరణే అది. నేను మళ్ళీ చేశాను."

"అచ్చుతప్పు" అంది ఆవిడ. గొంతులో కోపం లేదు. ప్రూఫు గదిలో పక్క బల్లవాళ్ళకు పేజీ అందిస్తూ అనే మాటలా ఉంది. నుదుటి మీద చెమట అప్పటికే పూసలు కట్టింది.

అద్దాలు దించారు. బయటి గాలి లోపలి గాలికన్నా వేడిగా ఉంది. బుడ్డోడు సీసాలోని నీళ్ళతో తువ్వాలు తడిపి అక్క మెడకు చుట్టాడు. నీళ్ళు వెచ్చగానే ఉన్నాయి. ఐసుపెట్టె మాట అతని నోటిదాకా వచ్చి ఆగడం మాస్టారు అద్దంలో చూశాడు. అతను ఆ మాట అనేస్తే బాగుండేది.

ఆయన ఇంజన్ ఆపి, దిగి, బానెట్ ఎత్తాడు. కొంచెం గ్యాస్ వదిలేయాలి. ఎంత? గొట్టం, మాపకం డిక్కీలోనే ఉన్నాయి. కానీ కంప్రెసర్ తిరగనప్పుడు ముల్లు చూపే అంకెకు అర్థం లేదని ఆయనకు తెలుసు. తొడుగు వేసుకుని, ముఖం పక్కకు తిప్పుకుని, లావు గొట్టం మూతి లోపలి సూదిని కలం మూతతో నొక్కాడు. చుయ్యిమని తెల్లటి పొగ, దానితోపాటు నూనె తుంపర. తీసేశాడు. మళ్ళీ నొక్కాడు. చప్పుడు విని అంచనా కట్టడం తప్ప మరో దారి లేదు. అంచనాగా పనిచేసేవాళ్ళను ప్రయోగశాలలో ఆయన రెండో మాట లేకుండా బయటికి పంపేవాడు.

"బావా, గేటు తీశారు!" వెనక బస్సు హారను అందుకుంది. "ఉండరా నాయనా, నా బస్సూ ఎప్పుడూ వేళకి పోలేదులే!" అని బుడ్డోడు అద్దంలోంచి అరిచాడు.

ఇంజన్ వేశాడు. ఏసీ మీట నొక్కాడు. టక్కు. గాలి చల్లబడసాగింది. ఈసారి ఆగలేదు. గేటు దాటి, వంతెన ఎక్కి, నగరంలో వరసలు వరసలుగా ఆగుతూ పోతున్నా ఆగలేదు. కళ్ళు మూసుకుని నొక్కిన లెక్క సరిపోయింది. కళ్ళు తెరిచి నింపిన లెక్క తప్పింది. ఈ సంగతి మరొకరికైతే సంతోషం కలిగించేదే.

"చల్లగా ఉందా?" అన్నాడు.

"ఉంది" అంది ఆవిడ. ఆమె వేళ్ళు మడుస్తోంది. రెండు మడిచాక మూడోది మడవలేదు. "అద్దం మీద ఉన్నది మరకా, నా కంట్లో ఉన్నదా?"

అద్దం మీద మరక లేదు.

కారు కోలుకున్నంత తొందరగా మనిషి కోలుకోదు. ఆసుపత్రి చేరేసరికి ఒంటిగంట దాటింది. డాక్టరు చిన్న వయసు అమ్మాయి. మర్యాదగా లేచి నిలబడి, ఆలస్యమైందని కసరకుండా, "కాసేపు కూర్చోండమ్మా, నీళ్ళు తాగండి" అంది. ఆవిడకు కావలసింది కాసేపు కాదు. కొన్ని గంటలు.

"పరీక్ష ఇంకొంచెం పొద్దువాలాక పెట్టవచ్చా?" అని మాస్టారు అడిగాడు.

"మీ తర్వాత ఒకరున్నారు సార్. ఆ తర్వాత జాబితా పంపించేయాలి. మూడింటిలోపు."

వరండా పొడవుగా, చల్లగా ఉంది. పసుపుపచ్చ గీతల్లో ఒకటి మెట్ల దగ్గర, రెండోది నీళ్ళ కుళాయి దగ్గర. ఆవిడ మొదటి గీత మీద నిలబడింది. కర్రను తమ్ముడి చేతికిచ్చింది. చూపు ఆననందువల్ల ముందు రెండో గీతను వెతుక్కుని, తర్వాత అడుగు వేసింది. మొదటి అడుగులు బాగానే పడ్డాయి. సగం దాటేసరికి ఎడమ పాదం నేలను ఈడ్వసాగింది. ఆవిడ ఆగింది. మళ్ళీ నడిచింది. ఎడమ మోకాలు ఒక్కసారిగా వదిలేసింది. చేయి తనంతట తానే గోడ మీదికి పోయింది. అరచేయి మొత్తం ఆనింది. ఆ ఆసరాతో మిగతా దూరం పూర్తిచేసి, గీత మీద నిలబడి, అది గీతేనా అన్నట్టు కిందికి చూసింది.

"చెయ్యి తగిలిందమ్మా" అంది డాక్టరు మెల్లగా.

మాస్టారు ముందుకొచ్చాడు. "డాక్టరుగారూ, ఇది ఆవిడ అసలు కొలత కాదు. దారిలో వేడి తగిలింది. పొద్దున ఇంతకు రెట్టింపు దూరం నడిచింది, నేను చూశాను. ఈ జబ్బుకి వేడి తగిలితే అంకె మారుతుందని మీకు నాకన్నా తెలుసు. మీ కొలతలో ఉష్ణోగ్రతకు సవరణ ఏమీ లేదా?"

"తెలుసు సార్. కానీ ఆ సవరణ ఉంటే అందరికీ ఉండాలి కదా. పొద్దున ఒకాయన బస్సులో నిలబడి వచ్చారు. ఆయనకీ చెయ్యి తగిలింది. ఇక్కడ నేను చూసిందే రాయాలి."

ఇదే మాట ఆయన జీవితమంతా చెప్పాడు: పరికరం తెచ్చేటప్పుడు బండిలో కుదిపిందనీ, నిన్న సరిగ్గా ఉందనీ, రేపు సరిగ్గా ఉంటుందనీ ఎంతమంది చెప్పినా, బల్ల మీద ఈ రోజు చూపిన అంకె తప్ప మరొకటి రాయలేదు. డాక్టరు సరిగ్గా పనిచేస్తోంది. ఆమె తప్పు చేస్తుంటే ఆయనకు కాస్త ఊపిరి ఆడేది.

"మళ్ళీ ఎప్పుడైనా తీసుకుంటారా?"

"ఇక్కడ ఇదే ఆఖరి విడత సార్."

"పోనీలెండి" అంది ఆవిడ, గోడ మీంచి చేయి తీయకుండానే. "పాపం, ఆ తర్వాత ఉన్నావిడ ఎదురుచూస్తోంది. జరగండి."

తిరుగు దారిలో ఏసీ అద్భుతంగా పనిచేసింది. రైల్వే గేటు దగ్గర మళ్ళీ ఆగవలసి వచ్చింది. అప్పుడూ చల్లగాలి తగ్గలేదు. బుడ్డోడు కథలేమీ చెప్పలేదు. ఒకసారి మాత్రం, "బావా, అద్దె కారులోనూ ఇలానే అయ్యేదేమోలే" అన్నాడు. అది నిజం కాదని ముగ్గురికీ తెలుసు.

"నువ్వు మాట్లాడకపోతే బస్సులో కూర్చున్నట్టు లేదురా" అంది ఆవిడ. "ఆ చిల్లర సంచి సంగతి చెప్పు."

"నేనే తీసుకున్నా అక్కా."

"నాకు తెలుసులే."

ఇల్లు చేరేసరికి ఎండ పోయింది. వాకిలి వెంట ప్రహరీగోడ నీడ పరుచుకుని ఉంది. బుడ్డోడు కర్ర తీసుకుని దిగి, ఆవిడ వైపు తలుపు తెరిచాడు. పలక బయటికి తిరిగింది. ఆవిడ లేచి నిలబడి, కర్ర వద్దన్నట్టు చేయి ఊపి, నడక మొదలుపెట్టింది.

మాస్టారు స్టీరింగు పట్టుకుని కూర్చుండిపోయాడు. ఇంజన్ తిరుగుతూనే ఉంది. ఆవిడ గోడ పక్కనే, గోడకు చేతికందేంత దగ్గరలో నడిచింది. ఎడమ పాదం ఈడ్వలేదు. ఆ వాకిలి ఆసుపత్రి వరండా కన్నా పొడవని చూడగానే ఆయనకు తెలుసు. ఆ మాత్రం దూరాలు ఆయన కంటికి కొలబద్ద లేకుండానే తెలుస్తాయి. గుమ్మం చేరేదాకా ఆమె గోడను తాకలేదు. బుడ్డోడు కర్రను రెండు చేతులతో పట్టుకుని బావ వైపు చూశాడు.

గుమ్మంలో ఆవిడ వెనక్కి తిరిగింది. భర్త ఇంకా కారులోనే ఉన్నాడని చూసింది.

"ఏసీ ఆపండి" అంది. "ఊరికే గ్యాస్ అయిపోతుంది."

చిల్లున్న కాయిల్‌లోంచి గ్యాస్, ఏసీ వేసినా పోతుంది, ఆపినా పోతుంది. ఆయనకది తెలుసు. ఆవిడకూ తెలుసు.

ఆయన ఆపాడు.